సీఆర్పీ ఎక్కువొచ్చిందని హడలిపోతున్న షుగర్, బీపీ వాళ్ళతో ఒక ముచ్చట

మా ల్యాబ్ కౌంటర్ దగ్గర ఈ మధ్య తరచుగా వినబడే మాట ఇది: "అన్నా, షుగర్ గోలీ వేసుకుంటనే ఉన్న, బీపీ గోలీ వేసుకుంటనే ఉన్న, మరి రిపోర్టుల ఈ సీఆర్పీ అనేది లావు అక్షరాలతోని వచ్చింది, నాకు హార్ట్ ఎటాక్ వస్తదా ఏంది?" సీఆర్పీ అంటే ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో చూసే రక్త పరీక్ష. అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకున్నవాళ్ళు. కొడుకో కోడలో హైదరాబాద్ నుంచి ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికే మనిషి వచ్చి రక్తం తీసుకుపోతాడు, పేజీలకు పేజీల పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చి పడుతుంది, అందులో ఏది ముఖ్యమో ఏది కాదో చెప్పే దిక్కు ఉండదు, ఇక ఆ ఫోన్ పట్టుకుని తెలిసిన ల్యాబ్ వాడిని వెతుక్కుంటూ వస్తారు.

నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర్లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రిపోర్ట్ చేతికిచ్చేవాడినే తప్ప మందు రాసేవాడిని కాదు, ఆ హద్దు నాకు తెలుసు. కానీ ఆ నంబర్ ఎట్లా పుడుతుందో, దాన్ని ఎప్పుడు నమ్మాలో ఎప్పుడు పక్కన పెట్టాలో రోజూ చేతులతో చేసేవాడిగా చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. షుగర్, బీపీ రెండూ ఉన్న మనిషికి సీఆర్పీ కాస్త ఎక్కువ రావడం వింతేమీ కాదు. మూడు నెలలకోసారి దాని వెనకాల డబ్బులు పోసేవాళ్ళు, అంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే అసలు పరీక్షలు వదిలేస్తున్నారు. నా బాధంతా అదే.

అసలు ఈ సీఆర్పీ గుండె జబ్బుల కోసం పుట్టిన పరీక్ష కాదు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు నిమోనియా రోగుల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) మీద పని చేస్తున్నారు. నిమోనియా తెచ్చే న్యుమోకాకస్ క్రిమి నుంచి తీసిన సీ-పాలీశాకరైడ్ అనే పదార్థాన్ని ఆ సీరంతో కలిపితే తెల్లగా విరుగుతోంది, అదే రోగికి జబ్బు నయమయ్యాక కలిపితే ఏమీ కావట్లేదు. అంటే జబ్బు ముదిరినప్పుడు మాత్రమే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ ఒకటుందన్న మాట. సీ-రియాక్టివ్ ప్రొటీన్ అన్న పేరు అట్లా వచ్చింది. ఇది మన కాలేయంలో తయారవుతుంది. ఒంట్లో ఎక్కడైనా క్రిములు చేరినా, దెబ్బ తగిలినా, కణాలు చచ్చినా అక్కడి నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది, కాలేయం గంటల్లోనే సీఆర్పీ తయారీ పెంచేస్తుంది, సుమారు రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. కారణం పోగానే దిగడం కూడా అంతే తొందరగా ఉంటుంది, రక్తంలో ఉన్న సీఆర్పీ సగానికి పడిపోవడానికి పట్టేది సుమారు 19 గంటలే.

ఇక షుగర్, బీపీ వాళ్ళ విషయం. క్రిమి లేదు, దెబ్బ లేదు, అయినా ఆ సంకేతం సన్నగా రోజూ వస్తూనే ఉంటుంది. ఎక్కువగా పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు నుంచి. పొట్ట కొవ్వు ఊరికే పడుండదు, అందులో మాక్రోఫేజ్‌లు అనే తెల్ల కణాలు చేరి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి మంట సంకేతాలు వదులుతుంటాయి. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్ ఎక్కువ ఉందని, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మెరుగ్గా పని చేస్తోందని 1993లోనే చూపించారు. షుగర్ వ్యాధికీ ఈ మంటకీ సంబంధం ఉందన్న మాటకు అక్కడి నుంచే బలం వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో ఉమెన్స్ హెల్త్ స్టడీలో చేరిన ఆడవాళ్ళ రక్తం చూస్తే, ఇంకా షుగర్ రాని వాళ్ళలోనే సీఆర్పీ ఎక్కువ ఉన్నవాళ్ళకు తర్వాత షుగర్ ఎక్కువగా వచ్చిందని 2001లో, బీపీ కూడా అట్లాగే ఎక్కువగా వచ్చిందని 2003లో తేలింది. బీపీ పెరిగితే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, దెబ్బతిన్న పొర మీద తెల్ల కణాలు అతుక్కుంటాయి, నాళం గట్టిపడుతుంది, గట్టిపడితే బీపీ ఇంకా పెరుగుతుంది. బీపీని పెంచే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ స్వయంగా ఈ మంటను ఎగదోస్తుంది. టెల్మిసార్టాన్ లాంటి గోలీలు అడ్డుకునేది ఆ హార్మోన్‌నే.

మనవాళ్ళ దగ్గర ఇంకో తిరకాసు. మనిషి చూస్తే సన్నగానే ఉంటాడు, చేతులు కాళ్ళు పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. లండన్‌లో స్థిరపడ్డ మన దేశం వాళ్ళను, అక్కడి తెల్లవాళ్ళను పోల్చి చూస్తే మనవాళ్ళలో సీఆర్పీ ఎక్కువ ఉందని, అది నడుము చుట్టుకొలతతో ముడిపడి ఉందని చాలా ఏళ్ళ కిందటే తేల్చారు. మన దగ్గర మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అంటారు. ఈ కొలతకు టేపు చాలు, ల్యాబ్ అక్కర్లేదు. మిర్యాలగూడ వైపు మా చుట్టాలు "మేము పొలం పని చేసేటోళ్ళం, మాకేం పొట్ట" అంటారు కానీ ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది మిషన్, నాట్లకు బయటి నుంచి మనుషులొస్తున్నారు, మూడు పూటలా తినే అన్నం మాత్రం అట్లాగే ఉంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, పెద్దవాళ్ళలో మూడో వంతుకు పైగా బీపీ ఉంది. మా కౌంటర్ ముందు లైన్ చూస్తే ఆ లెక్క తక్కువేసిన్రేమో అనిపిస్తుంది.

ఇప్పుడు ల్యాబ్ లోపలి విషయం, ఇది చాలామందికి తెలియదు. సీఆర్పీ అని ఒకే పేరుతో రెండు రకాల పరీక్షలు నడుస్తున్నాయి. చిన్న ల్యాబుల్లో చేసే లేటెక్స్ స్లైడ్ పరీక్షలో నల్లటి గాజు పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క తెల్లటి లేటెక్స్ ద్రవం వేసి కలిపి రెండు నిమిషాలు ఊపుతాం. ఇసక రేణువుల్లా గుంపులు కడితే పాజిటివ్, పాల మాదిరి నున్నగా ఉంటే నెగటివ్. ఈ పద్ధతికి మామూలుగా లీటరుకు 6 మిల్లీగ్రాములు దాటితేనే గుంపులు కనబడతాయి. పాజిటివ్ వస్తే సీరాన్ని పలుచన చేసుకుంటూ పోయి 12, 24, 48 అని రాస్తాం. మధ్యలో ఉండే 15కో 20కో ఇందులో చోటు లేదు. జ్వరమొచ్చిన పిల్లాడికి ఇది సరిపోతుంది. గుండె రిస్క్ చూడాలంటే పనికిరాదు, ఎందుకంటే అక్కడ మాట్లాడేది 1, 3 లాంటి చిన్న అంకెల గురించి. దానికి హై సెన్సిటివిటీ సీఆర్పీ, అంటే హెచ్ఎస్-సీఆర్పీ అని వేరేగా మిషన్ మీద చేయాలి. లేటెక్స్‌లో నెగటివ్ వచ్చిందని "నా గుండె మంచిగుంది" అనుకుని వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ అసలు నంబర్ 5 ఉండొచ్చు, 0.5 ఉండొచ్చు, ఆ స్లైడ్‌కు రెండూ ఒకటే.

హెచ్ఎస్-సీఆర్పీకి లెక్క ఇది: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉంటే తక్కువ రిస్క్, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. ఈ గీతలు 2003లో అమెరికా సీడీసీ, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కలిసి గీశాయి. 10 దాటిందంటే దాన్ని గుండె లెక్కలో వాడకూడదు, ఒంట్లో ఇన్ఫెక్షనో ఇంకేదో ఉన్నట్టు చూసుకుని, అది తగ్గాక రెండు వారాలు ఆగి మళ్ళీ చేయాలి. 10 లోపల వచ్చినా రెండు వారాల తేడాతో రెండుసార్లు చేసి సగటు తీయమన్నది కూడా అదే మాటలో ఉంది, మన దగ్గర ఎవరూ చేయరు. జలుబు చేసినప్పుడు, పన్ను పీకించుకున్న మర్నాడు, టీకా వేయించుకున్న వారంలో, పెళ్ళిలో పరిగెత్తి కాలు బెణికినప్పుడు చేయించుకుని 8 వచ్చిందని నిద్రపోకుండా కూర్చుంటారు.

ఇంకో గందరగోళం, కొన్ని ల్యాబులు లీటరు లెక్కలో ఇస్తాయి, కొన్ని డెసిలీటరు లెక్కలో ఇస్తాయి. 0.4 అన్నా 4 అన్నా ఒకటే మనిషి, ఒకటే రక్తం కావచ్చు. దేవరకొండ నుంచి ఒక పెద్దాయన రెండు కాగితాలు పట్టుకుని "బిడ్డా, పది రెట్లు పెరిగిందట" అని చెమటలు కక్కుతూ వచ్చాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న కొలత చూపించి లెక్క చెప్పాక చాయ్ తాగి పోయాడు. కోపమొచ్చేది ఎక్కడంటే, ఆ రెండో రిపోర్ట్ చూసి ఎవరో ఆయనకు అప్పటికే ఇంకో మూడు పరీక్షలు రాసి ఉన్నారు.

ఈఎస్ఆర్ గురించి కూడా ఒక మాట. ఇది ఇంకా పాత పరీక్ష, సన్నటి నిలువు గొట్టంలో రక్తం నింపి గంటసేపట్లో ఎర్ర కణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడటం, అంతే. రక్తంలో ఫైబ్రినోజెన్ లాంటి ప్రొటీన్లు పెరిగితే కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని తొందరగా దిగుతాయి. కానీ రక్తం తక్కువ ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది, వయసు పెరిగినా పెరుగుతుంది, గర్భిణికి పెరుగుతుంది, గొట్టం స్టాండ్ కాస్త వంగి ఉన్నా పెరుగుతుంది, మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే ఆ వేడికీ పెరుగుతుంది. నల్లగొండ ఎండల సంగతి తెలిసిందే కదా. మన ఊళ్ళలో ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 9, 10 ఉండటం మామూలు, వాళ్ళ ఈఎస్ఆర్ 40 వచ్చిందని "ఒంట్ల ఏదో ఉన్నది" అని భయపెట్టేముందు పక్కనే ఉన్న హిమోగ్లోబిన్ అంకె చూడాలి. ఇదే సందర్భంలో ఫెరిటిన్ కూడా: అది ఐరన్ నిల్వ చెప్పే పరీక్షే అయినా ఒంట్లో మంట ఉంటే అదీ పెరుగుతుంది, కాబట్టి షుగరున్న ఆడమనిషికి ఫెరిటిన్ మామూలుగా కనబడ్డా ఐరన్ తక్కువ ఉండొచ్చు. పైగా ఐరన్ తక్కువైతే మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువగా చూపిస్తుంది. ఒక్క అంకెను పట్టుకుని వేలాడితే ఇట్లాగే అవుతుంది.

ఇవన్నీ జనం నోట్లోకి వచ్చింది కరోనా అప్పుడు. సీఆర్పీ, డీ-డైమర్, ఫెరిటిన్, ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6) అని ఊళ్ళో కిరాణం షాపు ముందు కూడా మాట్లాడుకున్నారు. షుగరూ బీపీ ఉన్నవాళ్ళకు జబ్బు ముదిరిందంటే సీఆర్పీ వందల్లోకి పోయేది. అప్పుడు ఆ నంబర్‌కు నిజంగా విలువ ఉంది, ఇంగ్లండ్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో టోసిలిజుమాబ్ మందు ఎవరికివ్వాలో తేల్చడానికి ఆక్సిజన్ పడిపోవడంతో పాటు సీఆర్పీ 75 దాటడాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. సమస్యేంటంటే ఆ భయం ఇంకా పోలేదు, 75కూ 4కూ తేడా లేకుండా ఎరుపు రంగు చూడగానే గుండె జారిపోతుంది.

సరే, ఎక్కువ ఉంది, తగ్గిస్తే గుండె జబ్బు తగ్గుతుందా? ఇక్కడ పరిశోధన చాలా దూరం పోయింది, తిన్నగా మాత్రం పోలేదు. పుట్టుకతోనే, జన్యువుల వల్ల, సీఆర్పీ ఎక్కువ ఉండేవాళ్ళు కొందరుంటారు. సీఆర్పీయే గుండెను పాడు చేసేదైతే వాళ్ళకు గుండెపోట్లు ఎక్కువ రావాలి. రాలేదు. పైనుంచి ఆర్డర్ ఇచ్చే ఇంటర్‌ల్యూకిన్-6 దారిలో జన్యువుల తేడా ఉన్నవాళ్ళకు మాత్రం గుండె జబ్బులో తేడా కనబడింది. అంటే సీఆర్పీ పొగ, పొయ్యి ఎక్కడో వేరే ఉంది. ఆ పొయ్యి మీదనే పని చేసే కెనాకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను ఇదివరకే గుండెపోటు వచ్చి, సీఆర్పీ 2 దాటిన పదివేల మందికి పైగా మీద చూస్తే, 2017లో ఫలితం వచ్చింది: కొలెస్ట్రాల్ కదలకుండానే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఒక మోతాదులో 15 శాతం తగ్గాయి. అదే సమయంలో ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొద్దిగా పెరిగాయి, షుగర్ కొత్తగా రావడం మాత్రం తగ్గలేదు, మందు ధర మన ఊహకు అందదు. కీళ్ళవాతానికి వాడే చవకైన మెథోట్రెక్సేట్‌ను గుండె జబ్బుతో పాటు షుగరో మెటబాలిక్ సిండ్రోమో (పొట్ట, బీపీ, షుగర్, కొవ్వు కలిసి పెరగడం) ఉన్న వాళ్ళ మీద చూశారు, 2019లో తేలింది ఏమీ లాభం లేదని. సీఆర్పీ కూడా కదల్లేదు. గౌట్‌కు వాడే కాల్చిసిన్ తక్కువ మోతాదులో రెండు పెద్ద ట్రయల్స్‌లో పని చేసింది, 2023లో అమెరికాలో గుండె జబ్బుకు అనుమతి కూడా వచ్చింది, అయితే కిడ్నీ బాగాలేని వాళ్ళకు అది ప్రమాదం, కాబట్టి ఇది విని మెడికల్ షాపుకు పోయి అడగొద్దు, దండం పెడతా.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీ సంగతి వేరు. జూపిటర్ ట్రయల్ అని 2008లో వచ్చింది, కొలెస్ట్రాల్ పెద్దగా లేకుండా హెచ్ఎస్-సీఆర్పీ 2 దాటిన 17,802 మందిలో సగం మందికి రోసువాస్టాటిన్, సగం మందికి ఉత్త గోలీ ఇచ్చి చూస్తే గుండెపోట్లు, పక్షవాతాలు బాగా తగ్గాయి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఈ ట్రయల్‌నే చూపిస్తారు. వాళ్ళు చెప్పనిదేంటంటే ఆ ట్రయల్‌లో షుగర్ వాళ్ళను చేర్చుకోలేదు. ఎందుకు? షుగరుండి 40 దాటినవాళ్ళకు సీఆర్పీ ఎంతున్నా లేకున్నా స్టాటిన్ ఇవ్వాలనే మార్గదర్శకాలు చెబుతాయి కాబట్టి. డాక్టర్ రాసిన కొలెస్ట్రాల్ గోలీని "అది వేసుకుంటే షుగర్ పెరుగుతదట" అని పక్కన పడేసి, సీఆర్పీ మాత్రం మూడు నెలలకోసారి చేయించుకునే మనిషిని నేను చూస్తున్నాను, ఒకరు కాదు, చాలామంది. స్టాటిన్‌తో షుగర్ కొద్దిగా పెరగొచ్చు, నిజమే, కానీ దానివల్ల గుండెకు జరిగే మేలు అంతకంటే చాలా పెద్దది. ఆపాలనుకుంటే రాసిన డాక్టర్‌తో మాట్లాడి ఆపాలి.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ 2025లో అందరికీ హెచ్ఎస్-సీఆర్పీ చూడటం మంచిదని చెప్పింది, అది కూడా దాచను. ఒంట్లో బాగున్నప్పుడు సరైన పద్ధతిలో ఒకసారి చూసుకోవడం మీద నాకు తగాదా లేదు. నెలలు గడిచేకొద్దీ 3.1, 2.8, 3.6 అని గ్రాఫ్ గీసుకుని టెన్షన్ పడటం మీదే.

అసలు ప్రమాదం నాకు కనబడేది వేరే దగ్గర. ఒంట్లో మంట ఉందని రిపోర్ట్‌లో వచ్చిందనగానే నొప్పి గోలీలు మొదలుపెడతారు. మన జిల్లాలో ఇది రెండింతలు ప్రమాదం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ఆ తరం వాళ్ళకు మోకాళ్ళు, నడుము, మెడ ఎప్పుడూ నొప్పులే. కృష్ణా నీళ్ళు ఇంటికొచ్చినా అప్పటికే బిగుసుకుపోయిన ఎముకలు మెత్తబడవు కదా. వాళ్ళు ఏళ్ళ తరబడి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మింగుతూనే ఉంటారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వారానికోసారి సూది. ఈ గోలీలు ఒంట్లో ఉప్పును, నీటిని ఆపి బీపీ పెంచుతాయి, బీపీ మందును పని చేయనివ్వవు, కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, నీళ్ళు పోయే గోలీ, దాని మీద నొప్పి గోలీ, పైన ఎండాకాలం చెమట, ఈ నాలుగూ కలిస్తే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎట్లా ఎగబాకుతుందో మా రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. పోనీ సీఆర్పీ అయినా తగ్గుతుందా అంటే ఈ షుగర్, బీపీ వాళ్ళ సన్న మంట దాంతో పెద్దగా కదలదు. ఇంకా కొందరు డెక్సామెథాసోన్ కలిపి ఇస్తారు, అప్పుడు నొప్పీ పోతుంది, సీఆర్పీ కూడా పడిపోతుంది, "డాక్టర్ సాబ్ చేయి మంచిది" అని పేరొస్తుంది. షుగర్ మాత్రం 400 చూపిస్తుంది.

మా మేనత్తది నకిరేకల్ దగ్గర ఊరు. షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు మూడూ ఉన్నాయి. ఆమెకు ప్యాకేజీలో సీఆర్పీ 5 అని వస్తే ఇల్లంతా కలత. "అత్తా, మూత్రం పరీక్ష చేయించినవా?" అంటే, "చేసిండ్రు, మంచిగనే ఉందన్నరు" అంది. అది మామూలు స్ట్రిప్ పరీక్ష. షుగర్ వాళ్ళకు కిడ్నీ దెబ్బతినడం మొదలయ్యేది మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా జారిపోవడంతో, ఆ కొద్ది ఆల్బుమిన్‌ను మామూలు స్ట్రిప్ పట్టుకోదు. అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో, ఏసీఆర్ అని వేరే ఉంటుంది, పొద్దున లేచాక మొదటి మూత్రం ఇస్తే మేలు. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి, జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలల్లో మళ్ళీ చూసి ఖాయం చేసుకోవాలి. అత్తది దాటింది, రెండోసారీ దాటింది. డాక్టర్ బీపీ గోలీ మార్చి, నొప్పి గోలీలు బంద్ చేయించి, మోకాళ్ళకు పారాసిటమాల్, కట్టు, కాళ్ళ వ్యాయామం చెప్పారు. "గదొక్కటి ముందుగాల ఎవ్వలు చెప్పలే" అని ఇప్పటికీ గొణుగుతుంది. ఆ ప్యాకేజీలో పేర్లకు పేర్లే పరీక్షలున్నాయి, ఏసీఆర్ లేదు.

షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ఎవరైనా నన్ను పైసలు దేనికి పెట్టాలని అడిగితే హెచ్‌బీఏ1సీ, ఏసీఆర్, క్రియాటినిన్, కొలెస్ట్రాల్ అంటాను, ఏడాదికోసారి కంటి లోపలి రెటీనా చూపించుకోమంటాను, కాళ్ళకు స్పర్శ చూడమని డాక్టర్‌ను అడగమంటాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే ప్రభుత్వ డయాగ్నస్టిక్ హబ్‌కు పంపి వీటిలో చాలావరకు ఉచితంగా చేస్తారు. ఇది మా ల్యాబ్ ఓనర్ చదివితే నాకు క్లాసే, అయినా రాస్తున్నా.

మరి సీఆర్పీ తగ్గేదెట్లా అని పట్టుబడితే: పొట్ట తగ్గితే తగ్గుతుంది, బీడీ సిగరెట్ మానితే నిదానంగా తగ్గుతుంది, స్టాటిన్ తగ్గిస్తుంది, నడక తగ్గిస్తుంది. చిగుళ్ళను మరచిపోవద్దు. గుట్కా, తంబాకు నమిలి చిగుళ్ళ నుంచి రక్తం, చీము కారే నోరు రోజూ ఒంట్లోకి మంటను పంపే ఇన్ఫెక్షనే, దాన్ని పంటి డాక్టర్ దగ్గర శుభ్రం చేయించుకుంటే సీఆర్పీతో పాటు హెచ్‌బీఏ1సీ కూడా కొద్దిగా తగ్గినట్టు ట్రయల్స్‌లో తేలింది. 60 ఏళ్ళ మనిషి షుగర్‌కు మూడో మందు కలిపేముందు ఒకసారి నోరు తెరిచి చూపించుకుంటే పోయేదేముంది. పసుపు గురించి రోజూ అడుగుతారు. కూరలో వేసుకోండి, మంచిదే. చెంచాలకు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగి గోలీలు మానేస్తే మాత్రం ఇంకో రకం రిపోర్ట్‌తో నా దగ్గరికే వస్తారు. జొన్న రొట్టె కూడా అంతే, పాలమూరు వైపు వాళ్ళు ఇప్పటికీ రాత్రికి జొన్న రొట్టె తింటారు, మంచి అలవాటు, అయితే రొట్టెతో పాటు అన్నం కూడా పెట్టుకుంటే లెక్క ఎక్కడికీ పోదు.

సీఆర్పీ, ఈఎస్ఆర్‌లను నేను నిజంగా సీరియస్‌గా తీసుకునే సందర్భం ఒకటి: షుగర్ మనిషి కాలి పుండు. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగి ముల్లు గుచ్చుకున్నా తెలియని కాళ్ళు అవి. పుండు మానకుండా ఈఎస్ఆర్ 70 దాటిందంటే ఇన్ఫెక్షన్ ఎముకలోకి పోయిందేమోనని అనుమానించాలి, అప్పుడు ఆకుపసర్లు, పొడులు అనుకుంటూ కూర్చోకుండా అదే రోజు పెద్ద దవాఖానకు పోవాలి, వేలు పోవాలా కాలు పోవాలా అన్నది ఆ కొన్ని రోజుల్లోనే తేలుతుంది. ఇంకోటి, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. షుగర్ ఉన్నవాళ్ళకు టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. బరువు తగ్గితే "షుగర్ కదా, తగ్గుతరు" అనుకుని వదిలేస్తారు. అక్కడ ఈఎస్ఆర్ 90 చూసి ఆగిపోకుండా తెమడ పరీక్ష చేయించాలి, సర్కారు దవాఖానలో అది ఉచితం.

చివరగా, చేయించుకునేవాళ్ళకు కౌంటర్ దగ్గర నేను చెప్పే మాటలు. సీఆర్పీకి పరగడుపున రానక్కర్లేదు, కానీ దాంతోపాటు ఫాస్టింగ్ షుగర్ ఉంటే ఏమీ తినకుండా, నీళ్ళు మాత్రం తాగి రండి. గత రెండు వారాల్లో జ్వరం, జలుబు, పంటి పని, టీకా, దెబ్బ ఏదున్నా రక్తం తీసే ముందే చెప్పండి. వేసుకునే గోలీల కవర్లన్నీ, నొప్పి గోలీలతో సహా, సంచిలో వేసుకుని రండి. హెచ్ఎస్ కావాలా మామూలుది కావాలా డాక్టర్ చీటీ మీద రాయకపోతే అడిగి రాయించుకోండి. రిపోర్ట్ వచ్చాక దాన్ని ఇంటర్నెట్‌లో వెతకకుండా నేరుగా డాక్టర్‌కు చూపించండి, పాత రిపోర్టు కూడా జతచేసి.